ఏడో సెమిస్టర్ ఊళ్లోనే

వ్యవసాయ బీఎస్సీ నాలుగేళ్ల చదువు. ఆరు సెమిస్టర్ల పాటు నేలల శాస్త్రం, సస్యశాస్త్రం, కీటకశాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, విస్తరణ విద్య వేర్వేరు గదుల్లో, వేర్వేరు అధ్యాపకుల దగ్గర చదివిన విద్యార్థులు ఏడో సెమిస్టర్‌లో కళాశాల వదిలి ఊరు చేరతారు. కాగితాల మీద దీని పేరు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం. ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలు కలిపి విద్యార్థులు దీన్ని ‘రావెప్’ అంటారు. పుస్తకంలో చదివింది బయటి పనిలో పడి తేలాలన్న ఆలోచన ఇప్పుడు అన్ని కోర్సుల్లోనూ ఉంది. ఇంజినీరింగ్ వారికి ఇంటర్న్‌షిప్ ఉంది, వైద్య విద్యార్థులకు వార్డులున్నాయి, మామూలు డిగ్రీ వారికి సామాజిక సేవా ప్రాజెక్టు వచ్చింది. అలాంటి చదువు ఎక్కడ పండుతుందో, ఎక్కడ తాలుగా మిగులుతుందో తెలుసుకోవాలంటే దశాబ్దాలుగా దాన్ని నడుపుతున్న వ్యవసాయ కళాశాలల వైపు చూడాలి.

దీని మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1862 నాటి మోరిల్ చట్టం ప్రభుత్వ భూముల సొమ్ముతో వ్యవసాయం, యంత్రకళలు నేర్పే కళాశాలలు పెట్టించింది. 1887లో హాచ్ చట్టం వాటికి పరిశోధన కేంద్రాలను జోడించింది. 1914లో స్మిత్-లీవర్ చట్టంతో విస్తరణ సేవ కూడా వాటి పనిలో చేరింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే సంస్థ చేతిలో ఉండే ఈ పద్ధతి స్వాతంత్ర్యం తర్వాత మన దేశానికి వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని చెప్పింది. 1960లో పంత్‌నగర్‌లో దేశంలోనే మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలినాళ్లలో దానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. 1945 నుంచే నడుస్తున్న బాపట్ల వ్యవసాయ కళాశాల దాని గొడుగు కిందికి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయమే తర్వాత ఆచార్య ఎన్జీ రంగా పేరు పెట్టుకుంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది.

విస్తరణ మొదట్లో అధ్యాపకుల, అధికారుల పనిగానే ఉండేది. డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ కొన్నాళ్లు ఊళ్లో ఉండి తీరాలన్న నియమం దేశమంతటికీ రావడానికి బలమిచ్చింది 1992లో రాంధవా కమిటీ చేసిన సిఫార్సు. 2015లో కేంద్రం ‘స్టూడెంట్ రెడీ’ పేరుతో దీన్ని చివరి ఏడాది మొత్తానికి విస్తరించింది. ఐదో డీన్ల కమిటీ కూర్చిన ప్రణాళికలో ఏడో సెమిస్టర్ 20 వారాలు. మొదటి వారం కళాశాలలోనే తయారీకి పోతుంది. తర్వాత 8 వారాలు ఊరు, 5 వారాలు పరిశోధన స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రం, 2 వారాలు మొక్కల వైద్యశాల, 3 వారాలు వ్యవసాయ ఆధారిత పరిశ్రమ. చివరి వారం నివేదికకు, మూల్యాంకనానికి. వీటన్నిటిలో విద్యార్థిని మార్చేది ఆ 8 వారాల ఊరే.

ముగ్గుపిండితో మొదలు

ఊళ్లో దిగిన విద్యార్థుల్ని ఒక్కొక్కరుగానో జట్టుగానో ఆతిథ్య రైతులకు అప్పగిస్తారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ రైతు పొలమే వారి ప్రయోగశాల. అయితే తొలి రోజుల్లో చేసే పని పొలంలో కాదు, ఊరి నడుమ. రచ్చబండ దగ్గరో బడి ఆవరణలోనో నేల శుభ్రం చేసి, ముగ్గుపిండి, రంగులు, ఆకులు, గింజలు పెట్టి ఊరి పటం గీయిస్తారు. చెరువు, బోర్లు, మాగాణి, మెట్ట, పశువుల మేత, గుడి, రేషన్ దుకాణం, ఏ వాడలో ఎవరుంటారు అన్నవన్నీ ఊరివాళ్లే చెప్పాలి, ఊరివాళ్లే గీయాలి. విద్యార్థి పని అడగడం, వినడం, కాగితం మీదికి ఎక్కించుకోవడం. ఏ నెలలో పని ఎక్కువ, ఏ నెలలో అప్పు ఎక్కువ, ఏ నెలలో మేత కరువు అన్నది రుతువుల పట్టికగా తేలుతుంది.

ఈ పద్ధతికి హైదరాబాద్‌తో గట్టి చుట్టరికముంది. గ్రామస్థుల భాగస్వామ్యంతో అంచనా వేసే ఈ విధానాన్ని ప్రపంచమంతా ప్రచారం చేసిన రాబర్ట్ చాంబర్స్ 1989-91 కాలంలో ఇక్కడి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశారు. చదువుకున్నవాడు ప్రశ్నపత్రం పట్టుకుని పల్లెకు వెళ్లి తనకు కావలసిన జవాబులు రాసుకొచ్చే అలవాటును తిరగేయడమే దాని ఉద్దేశం. ఇరవై ఏళ్ల విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. అప్పటిదాకా తెలిసినవాడు అధ్యాపకుడు, రాసుకునేవాడు తాను. ఇక్కడ తెలిసినవాడు సంతకం కూడబలుక్కుని పెట్టే రైతు.

మట్టి నమూనా తీయడం మరో పాఠం. పుస్తకంలో అది అర పేజీ: పొలంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్క నుంచి పొరగా మట్టి తీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట తీయకూడదు. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. పొలంలో దిగాక ప్రశ్నలు వేరు. రెండెకరాల చెక్కలో పైభాగం ఎర్రగా, దిగువన నల్లగా ఉంటే ఒక నమూనానా, రెండా? నెల కిందటే పశువుల ఎరువు తోలిన చోటు ఏదో రైతును అడగకుండా తెలిసే మార్గముందా? నమూనా తప్పుగా తీస్తే ప్రయోగశాల ఎంత మంచిదైనా ఫలితం తప్పే. ఆ ఫలితాన్ని నమ్మి ఎరువు కొనేది ఆ రైతే. ఆ సంగతి తెలిశాక విద్యార్థి చేతిలోని పార నెమ్మదిస్తుంది.

ఒక ఆకు, మూడు సబ్జెక్టులు

వరి నాట్లు వేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొన్ని పొలాల్లో పైరు గిడసబారుతుంది. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. “ఈ మచ్చలకి ఏం మందు కొట్టమంటావమ్మా?” అని ఆతిథ్య రైతు అడిగితే తెగుళ్ల పుస్తకం తిరగేయాలనిపించడం సహజం. మచ్చ అంటే తెగులే కదా అన్నది చాలామంది తొలి ఊహ. పురుగుమందుల దుకాణం సలహా కూడా తరచూ అదే తోవ పడుతుంది. కానీ ఆ ఆకును వంచి చూస్తే చప్పుడు చేస్తూ పెళుసుగా విరిగిందంటే అది జింక్ లోపం కావచ్చు. దీన్నే ఖైరా అంటారు. పంత్‌నగర్‌లో వై.ఎల్.నెనె 1966లో ఈ జబ్బుకు కారణం శిలీంధ్రం కాదు, జింక్ కొరత అని తేల్చారు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొన్ని రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. దాన్ని పురుగుమందుతో కలపకూడదు.

ఈ ఒక్క ఆకులో తెగుళ్ల శాస్త్రం, నేలల శాస్త్రం, విస్తరణ విద్య మూడూ ఉన్నాయి. మచ్చను పోల్చడం మొదటిది. క్షార నేలల్లో, నీరు నిలిచే చోట, భాస్వరం ఎరువు మితిమీరి వేసిన పొలాల్లో జింక్ ఎందుకు అందదో చెప్పడం రెండోది. అప్పటికే దుకాణంలో అప్పు పెట్టి శిలీంధ్రనాశిని తెచ్చుకున్న రైతుకు అది అక్కర్లేదని, ఆయన నొచ్చుకోకుండా, నమ్మేలా చెప్పడం మూడోది. కళాశాల టైమ్‌టేబుల్‌లో ఈ మూడూ ఎప్పుడూ కలవవు. పొలంలో విడిపోవు. బయటి చదువు ఎందుకు కావాలన్న ప్రశ్నకు ఇంతకంటే తేటైన జవాబు దొరకదు.

ఖర్చు లెక్క మరింత లోతుకు తీసుకుపోతుంది. సాగు వ్యయాన్ని పుస్తకాలు ఏ2, కుటుంబ శ్రమ, సీ2 అని పొరలు పొరలుగా చెబుతాయి. జేబు నుంచి పోయిన ఖర్చుకు కుటుంబ శ్రమ విలువ కలిపితే ఒక లెక్క. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. రైతు పక్కన కూర్చుని దీన్ని నింపడం మొదలుపెట్టగానే తెలుస్తుంది, ఆయన తన కష్టాన్ని, ఇంటి ఇల్లాలి కష్టాన్ని ఎన్నడూ ఖర్చులో రాసుకోలేదని. కౌలు రైతు అయితే కథ వేరు. డెల్టా మాగాణిలో చాలా చోట్ల కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు. పంట తగ్గినా బస్తాలు తగ్గవు. బ్యాంకు అప్పు పాస్‌బుక్ ఉన్నవారికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇవ్వాలంది, కానీ దానికి యజమాని సమ్మతి కావాలంది. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు కౌలుదారులకు వర్తించలేదు. సిఫార్సు చేసిన ఎరువును రైతు ఎందుకు సగమే వేశాడన్న ప్రశ్నకు జవాబు సస్యశాస్త్రంలో కాదు, ఈ కాగితాల్లో ఉందని విద్యార్థి గ్రహించడం రావెప్ ఇచ్చే గొప్ప చదువు.

పుస్తకంలో లేనిదీ ఎదురవుతుంది. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల్లో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అప్పటిదాకా మిరప పాఠాల్లో ఉన్న తామర పురుగు ఆకుల్ని పైకి ముడుచుకునేలా చేసేది. ఈ కొత్తది పూలల్లో చేరి పూతను రాల్చింది. రైతులు మందు మీద మందు కొట్టారు. మిత్ర పురుగులు చచ్చాయి, పెట్టుబడి పెరిగింది, పురుగు పోలేదు. శాస్త్రవేత్తలు కూడా చూస్తూ, లెక్కపెడుతూ, నీలం రంగు జిగురు అట్టలు పెట్టిస్తూ నేర్చుకోవలసి వచ్చింది. జవాబు తయారుగా లేనప్పుడు నిపుణుడు ఎలా ఆలోచిస్తాడో చూడటం విద్యార్థికి ఏ గదిలోనూ దొరకదు.

తోడు ఉండాలి

పని చేస్తూ నేర్చుకోవడం గురించి సిద్ధాంతాలు తక్కువేమీ లేవు. వాడకంలో లేని జ్ఞానం మనసులో జడంగా పడి ఉంటుందని తత్వవేత్త వైట్‌హెడ్ 1929లోనే హెచ్చరించారు. జాన్ సీలీ బ్రౌన్, అలన్ కాలిన్స్, పాల్ డుగ్విడ్ 1989లో రాసిన వ్యాసంలో, జ్ఞానం అది పుట్టిన సందర్భంతో ముడిపడి ఉంటుందనీ, సందర్భం తీసేసి బోధిస్తే అది బడి గోడల మధ్యే చెల్లుతుందనీ వాదించారు. జీన్ లేవ్ పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర చేరిన కుర్రాళ్లను గమనించారు. వాళ్లు ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి చివరి పనులతో మొదలుపెట్టి, తర్వాత కుట్టు, ఆఖరున గుడ్డ కత్తిరించడం నేర్చుకునేవారు. చెడితే తక్కువ నష్టం వచ్చే పని ముందు, గుడ్డ పాడయ్యే పని చివర. పని నిజమైనదే, కానీ తప్పుకు హద్దుంది.

ఈ హద్దును ఏర్పాటు చేసేవాడే గురువు. వైద్యంలో ఇది తేటగా తెలుస్తుంది. 1890లలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్ విద్యార్థుల్ని ఉపన్యాస గది నుంచి వార్డులోకి తెచ్చి, రోగి చరిత్ర రాయడం, పరీక్షించడం వారి బాధ్యతల్లో పెట్టారు. మంచం పక్కన విద్యార్థి ఉంటాడు, విద్యార్థి వెనుక అనుభవమున్న వైద్యుడుంటాడు. మన ఎంబీబీఎస్ ముగిశాక ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఈ ఒరవడిలోదే. ఇటీవల మొదటి ఏడాది నుంచే విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యం గమనించే కార్యక్రమం కూడా వచ్చింది. ఇంజినీరింగ్‌లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 1906లో 27 మంది విద్యార్థులతో తరగతి, ఫ్యాక్టరీ మార్చి మార్చి నడిపే పద్ధతి మొదలుపెట్టారు. పిలానీలోని బిట్స్ 1973లో సి.ఆర్.మిత్ర హయాంలో ప్రాక్టీస్ స్కూల్ తెచ్చింది. అందులో ముఖ్యమైనది విద్యార్థిని ఫ్యాక్టరీకి పంపడం ఒక్కటే కాదు. అధ్యాపకుడు కూడా వెంట ఉండటం, ఆ పని కూడా మార్కులున్న పాఠంగా నడవడం. 2008లో మొదలైన హైదరాబాద్ ప్రాంగణం విద్యార్థులూ ఇదే బాట నడుస్తారు.

విద్యార్థిని బయటికి పంపడం తేలిక, వెంట ఉండటం కష్టం. ఈ తేడాను పట్టించుకోనిచోట కార్యక్రమం పేరుకే మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. వేసవుల్లో సామాజిక సేవా ప్రాజెక్టు, స్వల్పకాలిక శిక్షణ, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం పని. ఉద్దేశం పెద్దది, అవసరమైనది. కానీ చిన్న పట్టణంలో వందల మంది బీకాం, బీఏ విద్యార్థులకు పని చూపగల సంస్థలు ఎన్ని? ఆ ఖాళీలోకి డబ్బు తీసుకుని ఆన్‌లైన్‌లో ధ్రువపత్రం ఇచ్చే దుకాణాలు వచ్చి కూర్చుంటాయి. అలాంటి పత్రం చూపించిన విద్యార్థి మోసం చేశాడనడం న్యాయం కాదు. అతనికి పని దొరకలేదు, మార్కులు మాత్రం కావాలి. తప్పు ఏర్పాటుది.

56 రోజులు, 150 రోజులు

వ్యవసాయ కళాశాలలకు ఊళ్ల కొరత లేదు. వారి కొరత కాలం. బాపట్లలో పుట్టి దేశమంతా పాకిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. విద్యార్థి ఊళ్లో ఉండేది 8 వారాలు, 56 రోజులు. నారుమడి చూసినవారు కోత చూడరు. నాట్లు చూసినవారు కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో ధర ఎలా తగ్గుతుందో చూడరు. ఖర్చు లెక్క పూర్తవుతుంది, ఆదాయం లెక్క రైతు నోటి మాటగానే మిగులుతుంది. ఎనిమిదో సెమిస్టర్‌లో పుట్టగొడుగులు, వానపాముల ఎరువు, విత్తనోత్పత్తి లాంటి యూనిట్లు విద్యార్థులే నడిపి లాభనష్టాలు చూసే కార్యక్రమం ఉంది. మంచిదే. కానీ అది కళాశాల షెడ్లలో జరుగుతుంది. ఆతిథ్య రైతు పంట అమ్మే నాటికి విద్యార్థి మరొక్కసారి ఆ ఊరు వెళ్లి రెండు మూడు రోజులుంటే లెక్క నిండుతుంది. బస్సు ఛార్జీలకు మించి ఖర్చు కాదు.

మరో చిక్కు మూల్యాంకనం. గోనె సంచి మీద వేలాడదీసిన చార్టులు, ఊరేగింపు ఫొటోలు, రంగుల అట్ట వేసిన రికార్డు ఎంత లావుగా ఉంటే అంత మంచి మార్కులన్న అలవాటు చాలాచోట్ల పాతుకుంది. రికార్డులో సీనియర్ల పేజీలు జూనియర్లకు దిగిపోతాయి. గ్రాంట్ విగిన్స్ లాంటి విద్యావేత్తలు 1980ల చివర నుంచి చెబుతున్నదేమంటే, పరీక్ష కూడా ఆ వృత్తిలో నిజంగా ఎదురయ్యే పనిలాగే ఉండాలని. దాన్ని రావెప్‌కు అన్వయిస్తే, పది జబ్బు ఆకులిచ్చి కారణం, తగిన సలహా, ఖర్చు చెప్పించడం, ఒక రైతు ముందు కూర్చోబెట్టి ఆయన ప్రశ్నలకు జవాబులు వినడం పరీక్ష అవుతుంది. ఆ రైతు మాటకు కూడా మార్కుల్లో వాటా ఉండాలి. ఇప్పుడు ఆయన సంతకం హాజరు పట్టీకే పనికొస్తోంది.

బస కూడా చదువులో భాగమే. విద్యార్థినుల సంఖ్య వ్యవసాయ కళాశాలల్లో బాగా పెరిగింది. భద్రమైన ఇల్లు, మరుగుదొడ్డి, రాత్రివేళ ఫోన్ చేస్తే పలికే అధ్యాపకురాలు లేనిచోట వారు ఉదయం బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. అప్పుడు తెల్లవారుజామున నీళ్లు కట్టడం, చీకటి పడ్డాక చావిడి ముచ్చట్లు, ఇంటి ఇల్లాలి పాడి లెక్క వారికి అందవు. పొలం పనిలో సగానికి పైగా చేసే ఆడవాళ్లతో మనసు విప్పి మాట్లాడగలిగేది ఈ అమ్మాయిలే కాబట్టి, వారు ఊళ్లో ఉండలేకపోతే నష్టం వారి ఒక్కరిదే కాదు.

ఈ విద్యార్థుల్లో చాలామంది చేరేది ప్రభుత్వ విస్తరణ ఉద్యోగాల్లోకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులున్నారు. తెలంగాణలో సుమారు 5 వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారిని పెట్టారు. రావెప్‌లో నేర్చుకున్న మాట తీరు, చూసే తీరు అక్కడ రోజూ అక్కరకొస్తాయి. కాబట్టి కార్యక్రమాన్ని ఏటా కొత్త ఊరికి మార్చే బదులు ఒక్కో కళాశాల కొన్ని ఊళ్లను అయిదారేళ్ల పాటు పట్టుకోవడం మేలు. ఈ ఏటి విద్యార్థులు తీసిన మట్టి ఫలితాలు విత్తే లోపు రైతు చేతికి చేరాలి, వచ్చే ఏటి విద్యార్థుల చేతికీ అందాలి. ముగ్గుపిండి పటాల నకళ్లు, సాగు ఖర్చుల పట్టికలు పంచాయతీ కార్యాలయంలోనే ఉండాలి. అప్పుడు రెండో జట్టు మొదటి జట్టు ఆపిన చోటి నుంచి మొదలుపెడుతుంది. భాస్వరం తగ్గించమన్న సలహా ఏ పొలంలో ఫలించిందో, ఏ పొలంలో లేదో మూడో జట్టు కొలిచి చెప్పగలుగుతుంది.